ఎక్కాలు వరుసగా అప్పజెబుతాడు, విడిగా అడిగితే ఆగిపోతాడు: ఇంట్లో ఏం చేయాలి?

విజయవాడ పటమట నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. నాలుగో తరగతి చదువుతున్న వాళ్ళ బాబు ఐదో ఎక్కం వరకు తడుముకోకుండా చెబుతాడు. ఆరు నుంచి మాత్రం మధ్యలో ఆగిపోతాడు. "ఏడెనిమిదులు ఎంత?" అని విడిగా అడిగితే మళ్ళీ ఏడొకట్ల దగ్గర మొదలుపెట్టి అక్కడిదాకా రావలసి వస్తోంది. దసరా సెలవుల లోపు ఇరవయ్యో ఎక్కం వరకు రావాలని బడిలో చెప్పారు. నాయనమ్మగారు రోజూ సాయంత్రం కూర్చోబెట్టి వల్లె వేయిస్తుంటే ఏడుపుతో ముగుస్తోంది. ఇప్పుడు వాడు లెక్కల పుస్తకమే ముట్టుకోవడం లేదు. అబాకస్ క్లాసులో చేర్పించమంటారా అన్నది ఆమె చివరి సందేహం.

నేను గుంటూరులో ఉన్నత పాఠశాలలో గణితం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. ఇప్పుడు సాయంత్రాలు బ్రాడీపేటలోని మా ఇంటికి ప్రాథమిక తరగతుల పిల్లలు కొందరు వస్తుంటారు. వాళ్ళలో ఎక్కువమంది వచ్చేది సరిగ్గా ఈ ఇబ్బందితోనే.

అమ్మా, సమాధానం ముందు చెప్పి కారణాలు తరువాత చెబుతాను. ఎక్కాలు నోటికి రావలసిందే, అందులో రాజీ లేదు. కానీ వరుసగా వల్లె వేయించడం కొంతకాలం ఆపండి. మీ బాబు కొత్తగా గుర్తుపెట్టుకోవలసినవి మీరు అనుకుంటున్నన్ని లేవు. వచ్చిన ఎక్కాల నుంచి రానివాటిని రాబట్టుకోవడం నేర్పి, రోజుకు పది నిమిషాలకు మించకుండా, వరుస తప్పించి అడుగుతూ పోతే కొన్ని వారాల్లో మార్పు మీకే కనబడుతుంది. ఇరవయ్యో ఎక్కం గురించి తొందరపడనవసరం లేదు.

వల్లె వేయడం చెడ్డదని నేను అనడం లేదు. "రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు" అనే పాటలో ఒక లయ ఉంది, ఆ లయ మీదనే మా తరమంతా నడిచింది. దానిలోని లోపం ఏమిటంటే, ఒక్కొక్క పాదం తన తరువాతి పాదాన్ని మాత్రమే గుర్తుచేస్తుంది. ఏడేళ్ళు నలభై తొమ్మిది అన్న తరువాతే ఏడెనిమిదులు యాభై ఆరు నోటికి వస్తుంది, విడిగా రాదు. భాగహారం చేసేటప్పుడు, భిన్నాలను సూక్ష్మీకరించేటప్పుడు లెక్క ఆ వరుసలో అడగదు. యాభై ఆరులో ఎనిమిదులు ఎన్ని అని తలకిందులుగా అడుగుతుంది. ఇరవై ఎక్కాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే ఒక అబ్బాయి మా ఇంటికి వచ్చేవాడు. ఆటోకు నలుగురు చొప్పున ముప్పై మంది పిల్లలను తీసుకువెళ్ళడానికి ఎన్ని ఆటోలు కావాలని అడిగితే, క్షణం ఆలోచించకుండా నూట ఇరవై అన్నాడు. ఎక్కం వచ్చింది కాబట్టి గుణించేశాడు. గుణించడం అంటే ఏమిటో ఎవరూ వాడికి చూపించలేదు.

కాబట్టి మొదట చూపించవలసింది అదే. మా బ్రాడీపేటలో, పక్కనే ఉన్న అరండల్‌పేటలో చిరునామాలు 4/7, 2/14 అన్నట్టు ఉంటాయి. అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అని అర్థం. పిల్లల చేత కాగితం మీద నాలుగు అడ్డగీతలు, ఏడు నిలువుగీతలు గీయించి, గీతలు కలిసిన చోటల్లా చుక్క పెట్టించి, కూడళ్ళు ఎన్నో లెక్కపెట్టమంటాను. ఇరవై ఎనిమిది వస్తాయి. కాగితాన్ని పక్కకు తిప్పితే ఏడు లైన్లు, నాలుగు అడ్డరోడ్లు అవుతాయి, కూడళ్ళు మాత్రం మారవు. 4/7లో ఉన్న ఇల్లు, 7/4లో ఉన్న ఇల్లు వేరువేరు చోట్ల ఉంటాయి గదా అని ఒక పాప వాదించింది. అది నిజమే. చోటు వేరు, మొత్తం లెక్క వేరు అన్న తేడా ఆ పిల్లకు స్వయంగా తట్టినందుకు నేను చాలా సంతోషించాను. మీకు బ్రాడీపేట అక్కరలేదు. ముప్పై గుడ్లు పట్టే అట్ట ఐదు ఆరుల వరుస, మాత్రల స్ట్రిప్పు రెండు ఐదుల వరుస, ఇడ్లీ పాత్రలో రేకుకు నాలుగు గుంటలుంటే ఐదు రేకులకు ఇరవై ఇడ్లీలు. వరుసలు, వరుసకు ఎన్ని అన్న చూపు ఒకసారి అలవడితే వాడే ఇల్లంతా వెతుకుతాడు.

ఇప్పుడు గుర్తుపెట్టుకోవలసినవి ఎన్ని అన్న విషయానికి వస్తాను. తల్లులకు నేను తప్పకుండా చెప్పే లెక్క ఇది. ఒకటి నుంచి పది వరకు ఎక్కాలలో మొత్తం 100 గుణకారాలు ఉన్నాయి. పిల్లవాడికి అవి వంద కొండలుగా కనబడతాయి. ఒకటో ఎక్కం, పదో ఎక్కం నేర్పనక్కరలేదు కనుక వాటికి సంబంధించినవన్నీ తీసేస్తే 64 మిగులుతాయి. నాలుగేళ్ళు, ఏడు నాలుగులు ఒకటేనని గీతల బొమ్మలో చూశాడు కాబట్టి ఆ 64 కాస్తా 36 అవుతాయి. రెండో ఎక్కం, ఐదో ఎక్కం మీ బాబుకు వచ్చు. వాటిని కూడా తీసేస్తే 21. తొమ్మిదో ఎక్కానికి ఒక తేలిక దారి ఉంది, కింద చెబుతాను; అది పోగా 15. మూడు, నాలుగు ఎక్కాలు వచ్చు గనుక ఆ తరువాత మిగిలేవి ఆరే ఆరు: ఆరారులు ముప్పై ఆరు, ఆరేళ్ళు నలభై రెండు, ఆరెనిమిదులు నలభై ఎనిమిది, ఏడేళ్ళు నలభై తొమ్మిది, ఏడెనిమిదులు యాభై ఆరు, ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు. ఈ తీసివేతను మీరు చెప్పవద్దు. పదీ పది గళ్ళ పట్టిక గీసి, వచ్చినవాటిని వాడి చేతనే రంగు పెన్సిలుతో కొట్టివేయించండి. చివరకు తెల్లగా మిగిలిన గళ్ళు చూసి "ఇంతేనా!" అని వాడే అంటాడు.

నేర్పే వరుస కూడా 2, 3, 4, 5 అని అంకెల క్రమంలో ఉండనవసరం లేదు. రెండు తరువాత పది, ఐదు, ఆపైన నాలుగు, ఎనిమిది, తరువాత తొమ్మిది, మూడు, ఆరు, చివర ఏడు. నాలుగుతో గుణించడమంటే రెండింతలను మళ్ళీ రెండింతలు చేయడం, ఎనిమిది అంటే ఇంకోసారి రెండింతలు: ఏడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిది, యాభై ఆరు. ఆరు అంటే ఐదింతలకు ఇంకొకటి కలపడం: ఐదేళ్ళు ముప్పై ఐదు, దానికి ఏడు కలిపితే నలభై రెండు. తొమ్మిది అంటే పదింతలలో ఒకటి తగ్గించడం: ఏడు పదులు డెబ్భై, ఏడు తీసేస్తే అరవై మూడు. తొమ్మిదో ఎక్కంలో పదుల స్థానం ఒకటి చొప్పున పెరుగుతూ ఒకట్ల స్థానం ఒకటి చొప్పున తగ్గుతుందని, రెండంకెలు కలిపితే తొమ్మిదే వస్తుందని చాలామంది చిట్కాగా చెబుతారు. చెప్పండి, కానీ పదిలోంచి ఒకటి తగ్గించడం వల్లనే అలా జరుగుతోందని కూడా చెప్పండి. కారణం తెలిసిన చిట్కాను మరచిపోయినా మళ్ళీ పుట్టించుకోవచ్చు.

ఇలా రాబట్టుకుంటూ ఉంటే వేగం ఎప్పుడు వస్తుందని నాయనమ్మగారు అడుగుతారు. ఆ ప్రశ్న సమంజసమే. ఐదో తరగతిలో పెద్ద భాగహారాలు వచ్చేసరికి ప్రతి గుణకారాన్నీ రాబట్టుకుంటూ కూర్చుంటే అసలు లెక్క తప్పిపోతుంది. అందుకే నోటికి రావడంలో రాజీ లేదని మొదటే అన్నాను. అయితే పది పన్నెండుసార్లు ముప్పై ఐదుకు ఏడు కలిపి నలభై రెండు తెచ్చుకున్న పిల్లవాడికి ఒకనాడు కలపకుండానే నలభై రెండు వచ్చేస్తుంది. మరచిపోయిన రోజున తిరిగి వెళ్ళడానికి దారి కూడా వాడి దగ్గర ఉంటుంది. వల్లె వేసి మాత్రమే నేర్చుకున్నవాడికి ఆ దారి ఉండదు.

రోజువారీ సాధన విషయానికి వస్తే, నేను వాడేది పాత పెళ్ళిపత్రికల అట్టలను కత్తిరించిన చీటీలు. ఒకవైపు 6 × 7, రెండోవైపు 42. ఒక విడతలో పది చీటీలు చాలు. వాటిలో ఎనిమిది బాగా వచ్చినవి, రెండే కొత్తవి ఉండాలి. తల్లులు దీనికి విరుద్ధంగా రానివన్నీ పోగేసి అడుగుతారు. పది ప్రశ్నలకు పదిసార్లు "తప్పు" అనిపించుకున్న పిల్లవాడు పదకొండో ప్రశ్నకు కూర్చోడు. కొత్త చీటీ వచ్చిన మర్నాడు మళ్ళీ అడగండి, రెండు రోజులు ఆగి అడగండి, వారం తరువాత అడగండి. కొంచెం మరుపు పడ్డాక గుర్తుచేసుకున్నదే గట్టిగా నిలుస్తుంది. ఒకే సాయంత్రం ముప్పైసార్లు రాయించినది మర్నాటికే జారిపోతుంది. చీటీని తిరగేసి 42 చూపించి "ఇది ఎవరి పిల్ల?" అని కూడా అడుగుతూ ఉండండి. భాగహారం అక్కడే మొదలవుతుంది.

జవాబు తప్పినప్పుడు "కాదు" అనే ముందు "ఎలా తెచ్చావు?" అని అడగడం మంచిది. ఏడెనిమిదులు యాభై నాలుగు అన్నాడంటే వాడికి ఏమీ రాదని కాదు. ఆరు తొమ్మిదులు యాభై నాలుగు అక్కడికి వచ్చి కూర్చుంది. ఈ రెండూ తారుమారు కావడం పెద్దవాళ్ళలోనూ చూస్తాం. ఇలాంటి జంటలను ఒకే రోజు నేర్పకపోవడం మేలు. యాభై ఆరుకైతే 5, 6, 7, 8 అని వరుసగా రాసి, మధ్యలో సమానం గుర్తు, గుణకారం గుర్తు పెడితే 56 = 7 × 8 అవుతుంది; ఇది చూపిస్తే ఇక మరచిపోరు. గడియారం పెట్టి అడగవద్దు. భయం పట్టిన పిల్లవాడికి వచ్చిన ఎక్కం కూడా ఆ నిమిషంలో నోటికి రాదు. మొబైల్‌లో ఎక్కాల ఆటలు వాడదలచుకుంటే వాటిలోనూ టైమర్ ఆపివేసి వాడండి. పెదనాన్నగారి అమ్మాయికి అన్నీ వచ్చునన్న పోలిక, "నాకూ చిన్నప్పుడు లెక్కలు రాలేదులే" అన్న ఓదార్పు, రెండూ ఒకే హాని చేస్తాయి. రెండోది మీరు ప్రేమతో అంటారు, పిల్లవాడు మాత్రం లెక్కలు రాకపోవడం మన ఇంటి ఆనవాయితీ అనుకుంటాడు.

వాడు పుస్తకమే ముట్టడం లేదన్నారు కనుక మొదటి రెండు వారాలు పుస్తకం తీయకండి. నాయనమ్మగారికి వామనగుంటలు వచ్చే ఉంటుంది. ఆవిడ సాయంత్రాన్ని దానికి మార్చండి. రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు. గుంటకు మూడేసి చింతపిక్కలు వేసి ఆట మొదలుపెడితే మొత్తం పిక్కలెన్ని? ఎదురెదురు గుంటలను జంటగా చూస్తే జంటకు ఆరు, ఏడు జంటలకు నలభై రెండు. నాలుగేసి వేస్తే జంటకు ఎనిమిది, ఏడు జంటలకు యాభై ఆరు. ఇందాక పట్టికలో మిగిలిన ఆరింటిలో రెండు మొండి లెక్కలు ఇక్కడే ఉన్నాయి. ఆట ముగిశాక పిక్కలు సరిపోయాయో లేదో చూడడం వాడి పని అని అప్పగిస్తే, ఆ రెండూ వాడికి ఎవరూ నేర్పకుండానే వస్తాయి. పేకముక్కలతో ఇంకొక ఆట: బొమ్మల ముక్కలు తీసేసి, ఇద్దరూ చెరొక ముక్క తిప్పి, ఆ రెండింటినీ గుణించి ముందుగా చెప్పినవారు ముక్కలు తీసుకోవాలి. వేగం ఇక్కడ కూడా ఉంది గదా అంటారేమో. పెద్దవాళ్ళు కావాలని ఆలస్యం చేయగలిగిన చోట వేగం భయపెట్టదు.

పిల్లలందరికీ నచ్చేది రైలు బెర్తుల లెక్క. విజయవాడ పిల్లలకు రైలు గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. స్లీపర్ బోగీలో ఒక్కొక్క విభాగంలో ఎదురెదురుగా ఆరు, నడవకు అవతల రెండు, మొత్తం ఎనిమిది బెర్తులు ఉంటాయి. పాత రకం బోగీలో తొమ్మిది విభాగాలు, 72 బెర్తులు. కొత్త ఎల్‌హెచ్‌బీ బోగీలో పది విభాగాలు, 80 బెర్తులు. తిరుపతి టిక్కెట్టు మీద 43 అని ఉంటే అది కింది బెర్తా, పై బెర్తా? ఐదెనిమిదులు నలభై, మిగిలినవి మూడు. కాబట్టి ఆరో విభాగంలో మూడో బెర్తు, అంటే పై బెర్తు. శేషం 1 గానీ 4 గానీ వస్తే కిందిది, 2 లేదా 5 అయితే మధ్యది, 3 లేదా 6 అయితే పైది, 7 అయితే సైడ్ లోయర్, ఏమీ మిగలకపోతే సైడ్ అప్పర్. ఇది తెలిసిన పిల్లవాడు బంధువులందరి టిక్కెట్లూ అడిగి తీసుకుని మరీ చెబుతాడు. ఎనిమిదో ఎక్కం, భాగహారం, శేషం మూడూ ఆ ఒక్క ఆటలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ మీదుగా తాడేపల్లి వైపు వెళ్ళేటప్పుడు దానికి 70 గేట్లని చెప్పి, ఏడేసి చొప్పున ఎన్ని గుంపులు, పద్నాలుగేసి చొప్పున ఎన్ని అని అడగవచ్చు. అయితే ప్రతి ప్రయాణాన్నీ పరీక్షగా మార్చకండి. ఒకటి అడిగి వదిలేయండి.

ఇంటి వృత్తిలోని లెక్క కూడా పనికివస్తుంది. మిర్చి యార్డులో పనిచేసే తండ్రి కూతురు ఒకతె నా దగ్గరకు వచ్చేది. టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, నలభై కిలోల చొప్పున ఎనిమిది టిక్కీలు ఎంత బరువని అడిగితే మూడు వందల ఇరవై అని వెంటనే చెప్పింది. పుస్తకంలో 8 × 4 దగ్గర మాత్రం పెన్సిలు నమలడం మొదలుపెట్టింది. తెలిసినదీ పుస్తకంలో ఉన్నదీ ఒకటేనని ఆ అమ్మాయికి చూపించడమే నేను చేసిన పని.

మీరు అడగలేదు గానీ, భాష గురించి ఒక మాట. బడిలో "సెవెన్ ఎయిట్ జా ఫిఫ్టీ సిక్స్" అంటారు, ఇంట్లో నాయనమ్మగారు "ఏడెనిమిదులు యాభై ఆరు" అంటారు. రెండు పాటలూ ఒకేసారి కంఠస్థం చేయించడం పిల్లవాడికి రెట్టింపు బరువు. ఎలా వచ్చిందో వివరించడం, ఆడించడం తెలుగులో చేయండి. చీటీల జవాబు మాత్రం బడిలో ఏ భాషలో చెప్పాలో ఆ భాషలోనే చెప్పించండి. స్థిరపడ్డాక రెండోది దానంతట అదే వస్తుంది.

ఇక ఇరవై వరకు అన్న పట్టుదల సంగతి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. ఆ రోజుల్లో పన్నెండో ఎక్కం, పదహారో ఎక్కం రానివాడు అంగట్లో మోసపోయేవాడు. ఇప్పుడు ఆ అవసరం లేదు. డజన్లకూ నెలలకూ పన్నెండు, గడియారానికి పదిహేను, డబ్బుకు ఇరవై ఐదు తెలిస్తే ఉపయోగం. పదమూడేళ్ళు (13 × 7) ఎంతంటే డెబ్భైకి ఇరవై ఒకటి కలిపి తొంభై ఒకటి అని మనసులో చెప్పగలిగితే చాలు. పైతరగతుల బీజగణితానికి పునాది కూడా అదే. బడిలో టీచరుగారితో నెమ్మదిగా మాట్లాడి, పది వరకు ఎటు అడిగినా చెప్పేలా తయారుచేస్తున్నామని, మిగిలినవాటికి సంక్రాంతి దాకా గడువు కావాలని అడగండి. నాకు తెలిసిన ఉపాధ్యాయులు ఎక్కువమంది దీనికి ఒప్పుకుంటారు, ఎందుకంటే పైతరగతిలో ఇబ్బంది పడేది తామేనని వాళ్ళకూ తెలుసు.

ఒక జాగ్రత్త. కొన్ని నెలలు ఓపికగా ఇలా చేసినా ఎదుగుదల లేకపోతే, ఆరు పెద్దదా ఎనిమిది పెద్దదా అన్నదానికి కూడా వేళ్ళు లెక్కపెడుతుంటే, గడియారం చూడడం, చిల్లర లెక్కించడం వయసుకు తగ్గట్టు రాకపోతే, అది బద్ధకం కాకపోవచ్చు. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. తరువాత పిల్లల మానసిక నిపుణులను కలిసి డిస్కాల్కులియా, అంటే అంకెలు, లెక్కలు గ్రహించడంలో ఉండే ఇబ్బంది, ఉందేమో చూపించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన నిర్దిష్ట అభ్యసన వైకల్యాల్లో ఇది కూడా ఉంది. మీరు రాసినదాన్ని బట్టి మీ బాబుకు ఆ సూచనలు కనబడడం లేదు. ఐదు వరకు హాయిగా వచ్చిన పిల్లవాడికి మిగతావి రాకపోవడానికి అడిగే పద్ధతే కారణమని నా అభిప్రాయం.

అబాకస్ మాట. కూడికలు, తీసివేతలు మనసులో చేయడానికి అది కొందరికి సాయపడుతుంది. ఇష్టంగా వెళ్ళే పిల్లలను ఆపనక్కరలేదు. కానీ మీ బాబుకు ఇప్పుడు కావలసింది మరొక క్లాసు, మరొక హోంవర్కు కాదు. ఆ ఫీజులో చిన్న వాటాతో ఒక పేకముక్కల కట్ట, రంగు పెన్సిళ్ళు కొనండి, చింతపిక్కలు ఎలాగూ ఇంట్లోనే ఉంటాయి. దసరా దాటాక కూడా విడిగా అడిగితే వరుస మొదలుపెట్టే అలవాటు పోకపోతే, వాడు ఎక్కడెక్కడ ఆగిపోతున్నాడో చీటీల వెనుక గుర్తుపెట్టి ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.